పేరులేని పత్రములు, పేరుగల శాసనకర్తలు

చేవ్రాలు లేని యుత్తరమునకు మనలో ఆకాశరామన్న యుత్తరమని పేరు. అది వచ్చిన యింట దానిని గౌరవించువారు లేరు. వ్రాసినవాడు పిఱికివాడో పగవాడో యని తలంచి చించి పాఱవైతురు. శబ్దము ప్రమాణమగుటకు వక్త యాప్తుడై యుండవలెనని మన తార్కికుల సిద్ధాంతము. వక్త యెవడో తెలియనప్పుడు వాడాప్తుడా కాడా యని విచారించుటకే వీలు లేదు గదా! ఇట్లుండగా పార్లమెంటులకు తల్లియని కీర్తిగాంచిన ఇంగ్లండు దేశమున, పదునేడవ పదునెనిమిదవ శతాబ్దులయందు రాజ్యాంగవిషయమై ప్రజలను కదలించిన కరపత్రములలో ననేకము లాకాశరామన్న వ్రాతలే. వానిని వ్రాసినవారు అనామకులు కారు. ప్రభువులు, పార్లమెంటు సభ్యులు, మాజీ మంత్రులు. శాసనములు చేయువారే శాసనమునకు వెఱచి ముసుగు వేసికొననేల? ఆ ముసుగు ధర్మమా, అధర్మమా?

ముందుగా నాటి చట్టస్థితి నెఱుగవలెను. పార్లమెంటులో సభ్యుడు పలికిన మాటకు న్యాయస్థానములలో విచారణ యుండరాదని 1689వ సంవత్సరపు హక్కుల శాసనము విధించెను. కాని యా రక్ష సభామందిరపు గడప వఱకే. అదే మాట నచ్చువేసి ప్రజల కందించినచో రాజద్రోహపు దూషణయను నేరము మీద పడును. వ్రాసినది సత్యమైనను ఆ నేరమునుండి తప్పించుకొనుటకు సత్యము సాధనము కాదు. ముద్రణమునకు ముందుగా అనుమతి పొందవలెనను శాసనము 1695లో గడువు తీరి పోయినను, అచ్చయిన పిమ్మట శిక్షించు నధికారము పోలేదు. 1719లో జాన్ మాథ్యూసను ఇరువదేండ్లైన నిండని ముద్రాపకుని, పదభ్రష్టుడైన రాజవంశమునకు అనుకూలమైన కరపత్రము నచ్చువేసినందుకు ఉరితీసిరి. ఇక సభలో జరిగిన చర్చలను ప్రకటించుటను సభయే నిషేధించెను. అందుచే సభలో సింహమువలె గర్జించు సభ్యుడు, వెలుపలి ప్రజలతో మాటాడదలచినప్పుడు పేరు దాచుకొనవలసి వచ్చెను.

ముసుగు యొక్క యుత్తమోపయోగమునకు హాలిఫాక్సు ప్రభువు నిదర్శనము. రెండవ జేమ్సురాజు మతవిషయక శాసనములను రద్దుచేయ సంకల్పింపగా, అందుకు సమ్మతింపనందున 1685లో నీ ప్రభువు పదవీచ్యుతుడయ్యెను. 1687లో రాజు తన యాజ్ఞామాత్రముననే యా శాసనములను నిలిపివేసి, ఆంగ్లికను మతమున చేరని ప్రొటెస్టెంటులకు స్వేచ్ఛ నొసగెను. చూచుటకది యుదారకార్యమే. కాని శాసనమును రాజు తన యిచ్చవచ్చినట్లు తొలగింపగలిగినచో, నేడిచ్చిన స్వేచ్ఛను రేపు హరింపగలడు. ఈ సూక్ష్మమును హాలిఫాక్సు రెండు పొడి యక్షరముల సంకేతనామముతో నొక చిన్న లేఖగా వ్రాసి ప్రకటించెను. దాని ప్రతులు వేలకొలది వ్యాపించెను. ప్రత్యుత్తరములు ఇరువదికి పైగా వెలువడెను. పార్లమెంటు ఆ కాలమున కూడకుండెను. మాటాడుటకు సభయే లేనప్పుడు ఈ యజ్ఞాతలేఖయే సభాస్థానమును పూరించెను.

కాని కత్తి యొక్క గుణము పట్టినవాని చేతిలో నున్నది. వాల్పోలు ప్రధానమంత్రిగా నున్న దినములలో ముసుగులు రెండుపక్షముల వారికిని నిత్యవేషములయ్యెను. విలియమ్ పల్టెనీ యను కామన్సు సభ్యుడు కల్పితనామముతో నడచుచుండిన 'క్రాఫ్ట్సుమను' పత్రికలో మంత్రిని ఖండించుచుండెను. 1731లో ప్రభుత్వపక్షపు కరపత్ర మొకటి వెలువడగా, దానిని హెర్వీ ప్రభువు వ్రాసెనని నమ్మి, పల్టెనీ మాఱుపేరుతోనే హెర్వీ దేహమును, నడవడిని నీచముగా నెత్తిపొడిచెను. ఇరువురును కామన్సు సభ్యులే. జనవరి 25వ తేదీన వీరు లండను ఉద్యానవనములో కత్తులు దూసి పోరాడి స్వల్పముగా గాయపడిరి. రాజ్యాంగవిమర్శ వ్యక్తిదూషణగా దిగజాఱిన దానికి ఫలమిది.

ఆ సంవత్సరముననే 'క్రాఫ్ట్సుమను' ముద్రాపకుడగు ఫ్రాంక్లిను దోషియని తీర్పు పొంది, ఏడాది కారాగృహవాసమును, నూఱు పౌనుల జుల్మానాను పొందెను. పల్టెనీకి ప్రివీ కౌన్సిలులో స్థానము పోయినది. చెఱసాలకు పోయినవాడు మాత్రము అచ్చుకూటపు యజమాని. మఱొక వంక ప్రభుత్వము పదేండ్లలో పత్రికారచయితలకును ముద్రాపకులకును ఏబదివేల పౌనులకు పైగా వ్యయించెనని 1742లో పార్లమెంటు విచారణసంఘము కనుగొనెను. ప్రజలధనముతో ప్రజలను నమ్మించు నా రచనలను చదివినవారికి, ఆ మాటలు ఖజానానుండి వచ్చినవని తెలియదు.

ఇక జాన్ విల్క్సు వృత్తాంతము. ఈతడు కామన్సు సభ్యుడు. 1763 ఏప్రిల్ 23వ తేదీన వెలువడిన 'నార్త్ బ్రిటను' 45వ సంచికలో, పేరు లేకుండ, సంధిని కొనియాడిన రాజోపన్యాసమును తీవ్రముగా విమర్శించెను. రాజ్యకార్యదర్శి యొక వారంటు పుట్టించెను. అందు రచయితలు, ముద్రాపకులు, ప్రకటనకర్తలు అని మాత్రమే యున్నది గాని ఒక్కని పేరును లేదు. రచయిత పేరు లేని పత్రమునకు నిందితుని పేరు లేని వారంటు! దాని బలముతో రాజదూతలు 49 మందిని పట్టుకొనిరి. విల్క్సును పార్లమెంటు సభ్యుని హక్కును బట్టి ప్రధానన్యాయమూర్తి ప్రాటు కొన్ని దినములలోనే విడిపించెను. అచ్చుకూటపు కూలివాండ్రకు అట్టి హక్కు లేదు.

అట్టివారిలో హకిలను నొకడు వారమునకు ఒక గినీ జీతముగల పనివాడు. వానిని సుమారాఱు గంటలు నిర్బంధించి, మాంసమును బీరును పెట్టి మర్యాదగానే చూచిరి. ఐనను వాడు దావా వేయగా జూరీవారు 300 పౌనులు నష్టపరిహారముగా నిప్పించిరి. ఇది యధికమని ప్రభుత్వపక్షమువారు మొఱపెట్టుకొనగా ప్రాటు తగ్గింప నిరాకరించెను: చూడవలసినది కూలివాని యల్పత్వము కాదు, పేరులేని వారంటుతో పౌరుని స్వేచ్ఛను హరించుట యను గొప్ప విషయమని యాతని భావము. 1766లో కామన్సుసభ యట్టి వారంటులు న్యాయవిరుద్ధములని తీర్మానించెను. పౌరుని యింటి తలుపునకు గడియ పెట్టిన యీ ధర్మమునకు కారణభూతులలో నొక కూలివాడును గలడు.

విల్క్సు కథలో మఱియొక ఘట్టము గలదు. అతని పత్రిక యంతకుముందే ఖజానా కార్యదర్శిగా నుండిన సామ్యుయల్ మార్టినను సభ్యుని దూషించియుండెను. 1763 నవంబరు 15వ తేదీన మార్టిను సభలో లేచి, పేరు పెట్టక చీకటిలో పరుల కీర్తిని పొడుచువాడు పిఱికివాడు, దుర్మార్గుడని నిందించెను. మఱునాడు విల్క్సు ఆ వ్రాతలు తనవేయని యొప్పుకొని, హైడుపార్కులో పిస్తోలు పోరాటమునకు పోయి కడుపున గుండుదెబ్బ తినెను. ఈ పోరాటమును మెచ్చుకొనరాదు; కాని పిఱికితనమను నింద నాతడెంత భరింపలేకపోయెనో దీనివలన తెలియుచున్నది. 1764 జనవరిలో సభ యతనిని వెడలగొట్టెను.

1769 మొదలు 1772 వఱకు 'జూనియసు' అను పేరుతో వెలువడిన లేఖలు మంత్రులను గడగడలాడించెను. అవి యెడ్మండ్ బర్కువని యనేకు లనుమానింప నాతడు కాదనెను. అతడును తన 1770వ సంవత్సరపు ప్రసిద్ధ రాజకీయగ్రంథమును మొదట పేరు లేకయే ప్రకటించెను. నాడు యుద్ధశాఖలో గుమాస్తాగా నుండి, తరువాత కలకత్తా కౌన్సిలు సభ్యుడై, 1784లో పార్లమెంటున ప్రవేశించిన ఫిలిప్ ఫ్రాన్సిసే జూనియసని యిప్పుడు పెక్కుమంది పండితుల తలంపు. రాజునే సంబోధించిన లేఖకై న్యాయస్థానమున నిలువవలసిన వాడు మాత్రము ముద్రాపకుడు వుడ్ఫాలు. 1770లో జూరీవారు అచ్చువేసి ప్రకటించిన దోషము మాత్రమే కలదని విచిత్రమైన తీర్పు చెప్పి వానిని కాపాడిరి. వ్రాత దూషణయగునా కాదా యని నిర్ణయించు నధికారము జూరీకి 1792లో శాసనమూలమున లభించెను.

ఈ కరపత్రయుద్ధము మన సీమను గూడ తాకినది. నెల్లూరు మండలముపై అధికారమును, వేంకటగిరి, కాళహస్తి జమీందారుల పేష్కషును గల ఆర్కాటు నవాబు మహమ్మదాలీ, 1773లో కుంపిణీసేనల సాయమున తంజావూరును పట్టుకొనెను. మూడేండ్లకు దానిని రాజునకు మరల నిప్పింపవలసి వచ్చెను. అంతట లండనులో రెండుపక్షముల పత్రములు వెలువడెను. నవాబుపక్షమున పేరు లేకుండ వ్రాసిన జేమ్సు మాక్ఫర్సను 1780లో కామన్సు సభ్యుడయ్యెను. ఎదిరిపక్షమున 1779లో విలియమ్ బర్కు ఎడ్మండ్ బర్కు సాయముతో వ్రాసిన పొత్తమునకును పేరు లేదు. విలియము తంజావూరు రాజునకు ప్రతినిధి. మన రైతు చెల్లించిన శిస్తు దూరదేశపు కలములకు సిరాయైనదని ఆంగ్ల పాఠకుడెట్లెఱుగును? 1785 ఫిబ్రవరి 28వ తేదీన నవాబు ఋణదాతల మోసమును ఎడ్మండ్ బర్కు సభలో బయలుపఱచి, ఆ యుపన్యాసమును తన పేరుతోనే యచ్చువేయించెను. అందుచేతనే దానిలోని మాటలకు నేటికిని జవాబుదారి గలదు.

కాబట్టి చదువరులారా, ముసుగు తనంతట పాపమును కాదు, పుణ్యమును కాదు. బలవంతుని యెదుట సత్యము పలుకుటకు వేఱు దారి లేనివాడు ధరించిన ముసుగు కవచము. బలవంతుడు ధరించిన ముసుగు వల. తన మాటకు పరుడు చెఱసాలకు పోవుచుండ మౌనము వహించువాని ముసుగు సిగ్గుమాలినది. నేడును పేరులేని వ్రాతలు మన యిండ్లలోనికి వచ్చుచునే యున్నవి. ఆప్తుడు కానరానప్పుడు అనుమానప్రమాణమే మనకు శరణ్యము. ఈ వ్రాత యెవరికి వెఱచి పేరు దాచినది? దీనికి శిక్ష పడినచో ననుభవించువాడెవడు? దీని ఖర్చు నిచ్చినవాడెవడు? ఈ మూడు ప్రశ్నల కుత్తరము దొరకువఱకు దానిని నమ్మనక్కఱలేదు, చింపనక్కఱయు లేదు. చదివి, తూచి, వేచియుండవలెను.