లారీ సౌండ్ సిస్టం మెరుగుదల

లారీ క్యాబిన్‌లో కంపెనీ బిగించి ఇచ్చిన స్టీరియోను, స్పీకర్లను మార్చి, పరిమిత ఖర్చుతో ధ్వని నాణ్యత పెంచే పని ఇది. కారు సిస్టంతో పోలిస్తే ఇందులో ప్రధానమైన తేడా విద్యుత్ సరఫరాలో ఉంది.

భారీ లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు తీసుకుంటారు. కారు స్టీరియోలు 12 వోల్టులకు తయారవుతాయి కాబట్టి మధ్యలో వోల్టేజి తగ్గించే కన్వర్టర్ తప్పనిసరి. అది లేకుండా ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగితే ఆ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రెండోది మితిమీరి చార్జవుతుంది. క్రమంగా రెండూ దెబ్బతింటాయి.

ఖర్చులో మొదటి వాటా స్పీకర్లకు దక్కాలి. ఊఫర్ మధ్యలోనే ట్వీటర్ ఉండే కోయాక్సియల్ రకం చవకైనది, బిగించడం తేలిక. పెట్టె మీద కనిపించే గరిష్ఠ వాట్లు కాక, నిలకడగా తట్టుకోగల శక్తిని చూపే ఆర్‌ఎంఎస్ వాట్లు చూడాలి. మామూలు స్టీరియో ఒక్కో స్పీకరుకు ఇచ్చేది సుమారు 20 వాట్లే. సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి వచ్చే శబ్దం) 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకరు అంతే శబ్దాన్ని సగం శక్తితో ఇస్తుంది. అలాంటిది ఎంచుకుంటే విడిగా యాంప్లిఫయర్ కొనవలసిన అవసరం తగ్గుతుంది.

తలుపులో బిగించిన స్పీకరు వెనుక వెలువడే ధ్వని తలుపు రంధ్రాల గుండా ముందుకు వచ్చి బేస్‌ను చంపేస్తుంది. రంధ్రాలు మూసి, తలుపు రేకుకు కంపనాలను అణచే బ్యూటైల్ షీట్ అంటిస్తే ఈ లోపం తగ్గుతుంది. వేలితో తడితే టంగుమనే రేకు అప్పుడు మొద్దుగా పలుకుతుంది. అడుగున వాననీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు.

పాజిటివ్ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. వెనుక వాహనాల హారన్ వినబడేంత వరకే శబ్దం పెంచడం క్షేమం.