ఇంటి గేమింగ్ కంప్యూటర్లలో డిస్క్ కంప్రెషన్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ నేపథ్యం

డిస్క్ మీది ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమే కుదించి దాచి, ప్రోగ్రామ్ అడిగినప్పుడు విప్పి ఇచ్చే పద్ధతి డిస్క్ కంప్రెషన్. జిప్ ఫైలైతే ముందు మనమే విప్పుకోవాలి. ఇక్కడ అదంతా తెర వెనుక జరిగిపోతుంది, గేముకు ఆ సంగతే తెలియదు. దీనికి మూలం 1977లో అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ ప్రచురించిన పద్ధతి. ఒకసారి వచ్చిన బైట్ల వరుస మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయరు. ఎంత వెనక్కి వెళ్లాలో, ఎన్ని బైట్లు తీసుకోవాలో మాత్రం రాసుకుంటారు.

పీసీల్లో దీన్ని జనానికి చేర్చింది కాలిఫోర్నియాకు చెందిన స్టాక్ ఎలక్ట్రానిక్స్. ఆ సంస్థ 1990లో స్టాకర్‌ను తెచ్చింది. 40 మెగాబైట్ల డిస్కే గొప్పగా ఉన్న రోజులవి. 1993 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఎంఎస్-డాస్ 6తో పాటు డబుల్‌స్పేస్‌ను ఇచ్చింది. దీనిపై స్టాక్ వేసిన పేటెంట్ దావాలో 1994 ఫిబ్రవరిలో జ్యూరీ, మైక్రోసాఫ్ట్ స్టాక్‌కు 12 కోట్ల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. దాంతో 6.21లో ఆ సదుపాయాన్ని తీసేశారు. 6.22లో డ్రైవ్‌స్పేస్ పేరుతో మళ్లీ పెట్టారు.

గేములు ఆడేవాళ్లకు ఇది రెండు చిక్కులు తెచ్చింది. డ్రైవ్‌ను విప్పే డ్రైవర్ 640 కిలోబైట్ల మామూలు మెమరీలో నలభై, యాభై కిలోబైట్లు మింగేది. ఆనాటి చాలా గేములు ఆ మెమరీలో అధిక భాగం ఖాళీగా ఉంటేనే తెరుచుకునేవి. అందుకే కాన్ఫిగ్.సిస్‌లో డ్రైవర్లను పై మెమరీకి నెట్టే కసరత్తు తప్పేది కాదు. రెండోది అసలు ప్రమాదం. డ్రైవ్ మొత్తం ఒకే పెద్ద ఫైలుగా ఉండేది. డాస్‌లోని డిస్క్ క్యాష్ ప్రోగ్రామ్ స్మార్ట్‌డ్రైవ్, డిస్క్ మీద రాయాల్సినదాన్ని కాసేపు మెమరీలో ఆపి ఉంచేది. ఆ క్షణంలో కరెంటు పోతే సేవ్ చేసిన ఆటే కాదు, డ్రైవంతా చెడిపోయే అవకాశం ఉండేది. 6.2 వెర్షన్‌లో ఈ జాప్యాన్ని సరిదిద్ది, డిస్క్‌లో తప్పులు వెతికే స్కాన్‌డిస్క్‌ను చేర్చారు. కరెంటు కోతలు మామూలైన ఆ రోజుల్లో మన ఊళ్లలో యూపీఎస్ లేకుండా దీన్ని వాడడం నిజంగా సాహసమే అయ్యేది.

హైదరాబాద్‌లో విజయవాడ రోడ్డు మీది ఎల్బీనగర్ కూడలి, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లతో నిండిన దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి విద్యార్థుల ప్రాంతాలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లు ఇళ్లలోకి, నెట్ సెంటర్లలోకి వచ్చేసరికి విండోస్ 98, ఆ వెంటనే ఎక్స్‌పీ నడుస్తున్నాయి. ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కులను డ్రైవ్‌స్పేస్ కుదించలేదు. కాబట్టి ఆ కథ ఇక్కడ పెద్దగా సాగే వీలు లేకపోయింది. చోటు కరువు మాత్రం పోలేదు. ఒక సీడీలో పట్టేది 700 మెగాబైట్లే. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005లో వచ్చినా, చవక ప్లాన్లలో డౌన్‌లోడ్‌కు నెలవారీ హద్దు ఉండేది. ఆ కాలంలో వీడియోలు తీసేసి గట్టిగా కుదించిన గేములు చేతులు మారేవి. సెటప్ నొక్కితే నల్లటి విండోలో ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి జరుగుతూ విచ్చుకునేవి. ఇది పైరసీ, పైగా డిస్క్ కంప్రెషన్‌తో దీనికి సంబంధం లేదు. ఇక్కడ తగ్గేది సీడీ, డౌన్‌లోడ్ సైజే. ఇన్‌స్టాల్ అయ్యాక గేము పూర్తి చోటు తీసుకుంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం ఇప్పటికీ ఉన్న పొరపాటు.

ఎక్స్‌పీలో అసలైన కంప్రెషన్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఉంది. కుదించిన ఫైళ్ల పేర్లు నీలి రంగులో కనిపించేవి. ఇది 64 కిలోబైట్ల ముక్కలుగా పనిచేస్తుంది, రాసేటప్పుడు ఫైలును డిస్కంతా చెదరగొడుతుంది. తిరిగే హార్డ్ డిస్క్‌లో చదివే సూది అటూ ఇటూ పరుగెత్తాలి. సీ డ్రైవ్ మొత్తానికి కంప్రెషన్ టిక్ పెట్టడం అప్పుడూ మంచి సలహా కాదు.

2015లో వచ్చిన విండోస్ 10 పరిస్థితిని మార్చింది. కంపాక్ట్ కమాండ్‌లో ఎక్స్‌ప్రెస్, ఎల్‌జెడ్‌ఎక్స్ అనే కొత్త పద్ధతులు చేరాయి. ఒకసారి కుదించి అనేకసార్లు చదివే ఫైళ్ల కోసమే ఇవి. గేము ఫోల్డర్ అచ్చం అలాంటిదే. 256 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ ఉన్న విద్యార్థి ల్యాప్‌టాప్‌కు ఇది బాగా ఉపయోగం. ప్రాసెసర్ విప్పే వేగం ముందు ఆలస్యం చాలాసార్లు తెలియదు. ఎంత మిగులుతుందన్నది మాత్రం గేమును బట్టే. ముందే కుదించిన ఆడియో, వీడియోలతో నిండిన గేములో దాదాపు ఏమీ తగ్గదు. ప్రాపర్టీస్ తెరిచి సైజ్, సైజ్ ఆన్ డిస్క్ వరుసలను పోల్చితే ఫలితం తెలిసిపోతుంది.

తర్వాత ఈ పని గేముల చేతికే వచ్చింది. 2020 నాటి ప్లేస్టేషన్ 5లో విప్పడానికి ప్రత్యేక సర్క్యూట్ ఉంది. విండోస్‌లో 2022 నాటి డైరెక్ట్‌స్టోరేజ్ 1.1 ఆ పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించింది. ఇలాంటి గేములను కంపాక్ట్‌తో మళ్లీ కుదిస్తే ప్రాసెసర్‌కు శ్రమే తప్ప చోటు పెద్దగా మిగలదు. మిగతావాటికి కంపాక్ట్ నడిపినా, అప్‌డేట్ వచ్చి ఫైలును తిరగరాస్తే అది మామూలు రూపానికి వచ్చేస్తుంది. అప్పుడు ఆ ఫోల్డర్‌కు కమాండ్ మళ్లీ ఇవ్వాలి.