ఆకాశయానము – మేఘలక్షణము



మా డోన్ పట్టణమునకు ద్రోణాచలమని పాతపేరు. ఇది రైలుకూడలి. ఇచటి అరుగులమీద కూర్చుండువారికి బండ్లవేళలు కంఠపాఠములు. అట్టి యూరిలో మొన్న నొక వృద్ధరైతు నన్నిట్లడిగెను: "అయ్యవారూ! వాన పడినా రైలు పోతాది. బస్సు పోతాది. ఓర్వకల్లు కాడ విమానం మాత్రం మబ్బు పట్టితే నిలుపుతారంట. అంత గొప్ప యంత్రానికి మబ్బంటే భయమా?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. దీనికి సమాధానము చెప్పుటకు మన ప్రాంతపు చరిత్రయే చాలును. దానినే నేడు మనవి చేసెదను.

మేఘమును చదువుట మనకు క్రొత్తవిద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో వానను కొలుచు పాత్ర ప్రసక్తి కలదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భలక్షణములను ప్రత్యేకాధ్యాయములలో వివరించెను. మన రైతు కార్తెనుబట్టి, గాలినిబట్టి విత్తనము వేయును. అయితే ఈ విద్యయంతయు నేలపై నిలిచి పైకి చూచినది. వాన పడునా, పడదా యనునదియే రైతుకు ముఖ్యము. మేఘము కడుపులో గాలి ఎట్లు వీచునో యతనికి తెలియనక్కరలేదు. విమానము నడుపువానికి తెలియవలసినది అదియే.

ఇక మన పొరుగుననే జరిగిన యొక ముచ్చట వినుడు. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా ఒంటియింజను గల చిన్నవిమానములో కరాచీనుండి టపాసంచులతో బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అచటినుండి నెవిల్ విన్సెంట్ అనువాడు ఆ టపాను బళ్ళారిమీదుగా మదరాసునకు చేర్చెను. బళ్ళారి యనగా మనకు గుంతకల్లు దాటిన తరువాతి సీమయే కదా! నాటి విమానములో రేడియో లేదు. దారి చూపు సాధనములు లేవు. కంటికి కనబడు నదులును, కొండలును, రైలుపట్టాలును గుర్తులు. బొంబాయిలోని జుహూ దిగుడుచోటు వానకాలమున నీటిపాలగుచుండుటచే ఆ నెలలలో విమానములను పూనాకు మార్చుకొనిరి. వానతో పోట్లాడక దానికి దారి యిచ్చిరి. మన దేశపు విమానయానమునకు తొలిపాఠ మిదియే.

వాతావరణమును నిత్యము కొలుచు ప్రభుత్వశాఖ మన దేశమున 1875లో ఏర్పడెను. 1864లో కలకత్తాను ముంచిన తుపాను, తరువాతి కరవులు దానికి కారణములు. నాడు ఓడలకును, పంటలకును పుట్టిన ఆ శాస్త్రము విమానములు వచ్చిన పిమ్మట ఆకాశపు పైయంతస్తులకు ఎక్కినది.

విమానము దిగుటకు ముందు చూడవలసినవి ముఖ్యముగా నాలుగు: గాలి, వేడిమి, చూపుమేర, మేఘము.

మొదటిది గాలి. కళ్లములో తూర్పారబట్టువాడు గాలివాలు చూచి చేట ఎత్తును. పక్షి గాలికి ఎదురుగా లేచును. విమానమును అంతే. ఎదురుగాలి రెక్కలను మోయును. అడ్డగాలి త్రోవ తప్పించును.

రెండవది వేడిమి. వేడెక్కిన గాలి పలుచనగును. పలుచని గాలి రెక్కలను చక్కగా మోయలేదు. చలికాలపు తెల్లవారుజామున సులువుగా లేచిన విమానమే మే నెల మిట్టమధ్యాహ్నమున ఎక్కువదూరము పరుగిడవలెను, లేదా బరువు తగ్గించుకొనవలెను. ఓర్వకల్లులో పరుగుబాట పొడవు 2000 మీటర్లు. మన సీమ యెండలలో ఈ లెక్క తప్పరాదు.

మూడవది చూపుమేర. పొగమంచు పట్టిన ఉదయమున బాట కానరానిచో దిగుట సాహసము.

నాలుగవది మేఘము. అన్నిమేఘములు అపాయకరములు కావు. శాస్త్రజ్ఞులు క్యుములోనింబస్ అనెడి పిడుగుమబ్బు వేరు. అది కొండవలె పెరిగి పది పదునైదు కిలోమీటర్ల యెత్తునకు పోవును. దానిలో ఒకవైపు గాలి మీదికి తన్నును. మరియొకవైపు క్రిందికి త్రోయును. ఆ త్రోపుడులో యంత్రబలము చాలకపోవచ్చును.

ఈ మాటకు సాక్ష్యము మన నల్లమలయే. 2009 సెప్టెంబరు 2వ తేదీ, పుబ్బకార్తె. నాటి ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేటలో హెలికాప్టరెక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. గంట గడువకముందే జాడ తెగిపోయెను. నేనానాడు బడిలో ఉంటిని. వార్త తెలిసిన పిదప పాఠము సాగలేదు. రాత్రి ఊరిలో ఎవరును నిద్రింపలేదు. మరునాడు పావురాలగుట్టపై శకలములు కనబడెను. ఐదుగురును మరణించిరి. యంత్రమున చమురు ఒత్తిడినిగూర్చిన హెచ్చరికను చక్కబెట్టు తొందరలో చోదకుల దృష్టి చెదరెననియు, పిడుగుమబ్బులోని తీవ్రమైన క్రిందిగాలికి చిక్కి హెలికాప్టరు పడిపోయెననియు దర్యాప్తుసంఘము తేల్చెను. 1932నాటి విమానమున లేని సాధనము లెన్నియో అందులో ఉండెను. అయినను మేఘము తన స్వభావము మార్చుకొనలేదు.

తరువాత ఓర్వకల్లు విమానాశ్రయము 2021 మార్చి 25న ప్రారంభమై, 28వ తేదీనుండి రాకపోకలు మొదలయ్యెను. 1847లో కోవెలకుంట్లలో ఉరికంబ మెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టిరి. ఒకమారు నేనును అచట విమానము కొరకు వేచియుంటిని. వాతావరణము బాగులేదని ఆలస్యము ప్రకటించిరి. అందరితోపాటు నేనును విసుగుకొని నాలుగుమాటలంటిని. అంతలో తూర్పుదిక్కున నల్లమలపై క్రమ్మిన మబ్బు కనబడెను. పావురాలగుట్ట జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడి కూర్చుంటిని. ప్రయాణికుల తొందరయు చోదకునిపై ఒక బరువే యని నాకప్పుడు తోచెను.

కావున నేనా రైతుతో ఇట్లంటిని: "అన్నా! కుందూ పొంగినప్పుడు నీవేమి చేస్తావు?" "ఒడ్డున కాడి దించి కూసుంటా" ననెను. "నిన్నెవరైనా పిరికివాడంటారా?" అంటిని. అతడు నవ్వి, "ఎద్దులున్నోనికి తెలుస్తాది లే అయ్యవారూ!" అని లేచిపోయెను.

మీ బిడ్డలు నేడు విమానములలో దూరదేశములకు పోవుచున్నారు. మబ్బు పట్టి ఆలస్యమైనదని వారు ఫోనుచేసినపుడు, వేచియుండుడని చెప్పుడు. ఆ నిర్ణయము చేసినవానికి మనసులో ఒక నమస్కారము పెట్టుడు. సెలవు.