థ్రెడ్ లోకల్ స్టోరేజ్: లోడర్ వైపు నుంచి చూసిన చరిత్ర

ఒక ప్రోగ్రాములో పది థ్రెడ్లు నడుస్తుంటే, ఒకే పేరున్న వేరియబుల్‌లో ఏ థ్రెడ్ విలువ ఆ థ్రెడ్‌కే కనిపించే ఏర్పాటును థ్రెడ్ లోకల్ స్టోరేజ్ అంటారు, పొట్టిగా టీఎల్ఎస్. దీని చరిత్రను సాధారణంగా మూడు మెట్లలో చెప్పి ముగిస్తారు. మొదట ఆపరేటింగ్ సిస్టమ్‌లు కొన్ని ఫంక్షన్లు ఇచ్చాయి, తర్వాత కంపైలర్లు ఎవరి కీవర్డు వారు పెట్టుకున్నాయి, చివరికి 2011లో సీ, సీ ప్లస్ ప్లస్ ప్రమాణాలు వచ్చి అందరినీ ఒక దారికి తెచ్చాయి. ఈ కథనంలో తేదీలు సరైనవే, కారణాలే సరిపోవు. కీవర్డు తేడా ఎప్పుడూ చిన్న చిక్కే. నాలుగు వరుసల మాక్రోతో దాన్ని దాటేయవచ్చు. పెద్ద చిక్కు లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే లోడర్‌ది. ప్రోగ్రాము నడుస్తుండగా మధ్యలో ఒక లైబ్రరీ వచ్చి చేరితే, అప్పటికే పుట్టి పనిచేస్తున్న థ్రెడ్లలో దాని వేరియబుళ్లకు చోటు ఎవరివ్వాలి, ఎప్పుడివ్వాలి? వేర్వేరు సిస్టమ్‌ల మీద టీఎల్ఎస్ ఎప్పుడు నమ్మదగినదైందో ఈ ప్రశ్నకు దొరికిన జవాబులే నిర్ణయించాయి.

తొలి దశ అందరికీ తెలిసిందే. సీ లైబ్రరీలో ఎర్నో అనే గ్లోబల్ వేరియబుల్ ఉంది, స్ట్రింగును ముక్కలు చేసే స్ట్ర్‌టోక్ లోపల దాచుకునే పాయింటర్ ఉంది. థ్రెడ్లు రాగానే ఒకరి విలువను మరొకరు చెరిపేయడం మొదలైంది. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో టీఎల్ఎస్ అలాక్, టీఎల్ఎస్ గెట్‌వాల్యూ వంటి ఫంక్షన్లు వచ్చాయి. 1995 నాటి పోజిక్స్ థ్రెడ్ల ప్రమాణం అదే పనికి పీథ్రెడ్ కీలను ఇచ్చింది. రెండూ ఒకే తీరు: ఒక నంబరో కీయో తీసుకోవాలి, ప్రతి థ్రెడ్ దాని కింద ఒక పాయింటర్ దాచుకోవాలి. విండోస్ కనీసం 64 చోట్లకు హామీ ఇచ్చింది, విండోస్ 2000 నుంచి ఒక ప్రాసెస్‌కు 1088 అయ్యాయి. పోజిక్స్ కనీసం 128 కీలు ఉండాలంది. ఈ పద్ధతి నెమ్మదైనదే గానీ ఎక్కడైనా నడిచేది. లైబ్రరీ ఎప్పుడు లోడైనా కీ దొరుకుతుంది కాబట్టి లోడర్‌తో పేచీ లేదు. ఈ గుణాన్ని చరిత్రలు అసలు పట్టించుకోలేదు. తర్వాతి ఇరవై ఏళ్ల తగువంతా దాన్ని వదులుకోవడం నుంచే పుట్టింది.

చరిత్ర రాసేవారి వివాదమంతా 1990ల నడుమ నుంచి 2007 వరకు సాగిన కాలం గురించే. యూనిక్స్ వైపు నుంచి రాసినవారు విండోస్ వెనకబడిందనీ, లినక్స్ మొదటిసారే సరిగా చేసిందనీ అంటారు. ఆధారాలు ఇంత సూటిగా లేవు. ఎన్‌టీ ప్రతి థ్రెడ్‌కూ కెర్నెల్ గుర్తించే ఒక బ్లాకును కేటాయించి, 32 బిట్ల ఎక్స్86లో ఎఫ్ఎస్ రిజిస్టర్ ద్వారా దాన్ని అందించింది. విజువల్ సీ ప్లస్ ప్లస్ 1990లలోనే డిక్ల్‌స్పెక్ థ్రెడ్ అనే గుర్తుతో వేరియబుళ్లను ప్రత్యేక విభాగంలో పెట్టింది. ప్రతి థ్రెడ్ పుట్టినప్పుడు లోడర్ ఆ విభాగానికి ఒక నకలు తీసి ఇచ్చేది. అదే రోజుల్లో లినక్స్‌థ్రెడ్స్ లైబ్రరీ, రిజిస్టర్ వాడే వీలు లేని చోట, స్టాక్ పాయింటర్ విలువను బట్టి తానెవరో లెక్కగట్టుకునేది. సెట్ థ్రెడ్ ఏరియా అనే సిస్టమ్ కాల్ లినక్స్ 2.5 కెర్నెల్‌లో, టీఎల్ఎస్ మద్దతు 2002లో లినక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.3లో, రెండు అండర్‌స్కోర్ల థ్రెడ్ కీవర్డు 2003లో జీసీసీ 3.3లో వచ్చాయి. ముందు నడిచింది విండోసే.

అయితే ముందు నడిచినవాడు ఎక్కడ పడ్డాడో దగ్గరగా చూడాలి. ప్రోగ్రాము మొదలైనప్పుడే తెలిసిన మాడ్యూళ్లకు విండోస్ లోడర్ ఒక్కొక్క సూచిక సంఖ్య ఇచ్చేది. ప్రతి థ్రెడ్ బ్లాకులో ఒక పట్టిక, ఆ సంఖ్య దగ్గర ఆ మాడ్యూల్ డేటా. లోడ్‌లైబ్రరీ పిలుపుతో ఆలస్యంగా వచ్చిన డీఎల్ఎల్‌కు ఈ సంఖ్యను రాసేవారు లేరు. అది సున్నాగానే ఉండిపోయేది. ఆ డీఎల్ఎల్ కోడ్ తన వేరియబుల్ అనుకుని పట్టికలో సున్నా చోటికి వెళ్లేది. అక్కడ ప్రధాన ప్రోగ్రాము డేటా ఉంటే దాన్ని నిశ్శబ్దంగా పాడుచేసేది, ఏమీ లేకపోతే కూలిపోయేది. కంపైలర్ అభ్యంతరం చెప్పదు, లింకర్ చెప్పదు, లోడర్ కూడా చెప్పదు. విండోస్ విస్టా దీన్ని సరిచేసింది. అయినా అంతకు ముందరి ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లో గానీ ముగియలేదు. తమ డీఎల్ఎల్‌ను ఎవరు ఎలా లోడ్ చేస్తారో తెలియని లైబ్రరీ రచయితలు అన్నేళ్లూ కీవర్డు చేతిలో ఉండి కూడా టీఎల్ఎస్ అలాక్‌నే వాడవలసి వచ్చింది. 2011 ప్రమాణం వీరికి చేసిందేమీ లేదు.

లినక్స్ వాడే ఎల్ఫ్ అనే బైనరీ ఫైళ్ల పద్ధతి ఈ ప్రశ్నను మొదటే ఎదుర్కొంది, ఆ గౌరవం దానికి ఇవ్వాల్సిందే. ఉల్రిక్ డ్రెపర్ రాసిన పత్రం వేరియబుల్‌ను అందుకునే నాలుగు నమూనాలను వివరించింది. ప్రధాన ప్రోగ్రాములోని వేరియబుల్ అయితే ఎక్స్86-64లో ఎఫ్ఎస్ రిజిస్టర్ నుంచి తెలిసిన దూరంలో ఉంటుంది, ఒకే ఆదేశంతో చదవవచ్చు. ఎప్పుడు లోడవుతుందో తెలియని లైబ్రరీలోదైతే టీఎల్ఎస్ గెట్ అడ్రస్ అనే ఫంక్షన్‌ను పిలవాలి. అది ఆ థ్రెడ్ పట్టికను చూసి, చోటు లేకపోతే అప్పటికప్పుడు కేటాయిస్తుంది. ఇక్కడ సరిగ్గా పనిచేయడానికి వెల కట్టవలసింది వేగంతో. ఆ వెల ఇష్టంలేని రచయితలు తమ లైబ్రరీలను ఆ నాలుగింటిలో ఒకటైన ఇనిషియల్ ఎగ్జిక్ నమూనాలో కంపైల్ చేశారు. ఆ నమూనాకు స్థిరమైన చోటు కావాలి, జీలిబ్‌సీ దగ్గర మిగులు చోటు కొంచెమే. చోటు చాలక, లైబ్రరీని మధ్యలో లోడ్ చేసే డీఎల్‌ఓపెన్ ఫంక్షన్ విఫలమైనప్పుడు, స్టాటిక్ టీఎల్ఎస్ బ్లాకులో మెమరీ కేటాయించలేకపోయామన్న సందేశం వస్తుంది. పైథాన్‌లో లిబ్‌గాంప్ అనే లైబ్రరీని ఆలస్యంగా లోడ్ చేసిన చాలామందికి ఈ సందేశం పరిచయమే. జీలిబ్‌సీ 2.32లో ఈ మిగులును పెంచుకునే వీలు కల్పించారు. వాడుకున్నప్పుడే కేటాయించే పద్ధతిలో ఇంకో లోపముంది: ఆ క్షణంలో మెమరీ లేకపోతే ఆ సంగతి ప్రోగ్రాముకు తెలియజేసే దారి లేదు. మజల్ అనే మరో సీ లైబ్రరీ అందుకే డీఎల్‌ఓపెన్ సమయంలోనే అన్ని థ్రెడ్లకూ చోటు సిద్ధం చేస్తుంది. విఫలమైతే అక్కడే తెలుస్తుంది. నా దృష్టిలో మజల్ నిర్ణయమే మెరుగైనది.

అన్నీ లోడర్ మీదికే నెట్టడం కూడా తగదు. సీ ప్లస్ ప్లస్ 11 థ్రెడ్ లోకల్ వేరియబుళ్లకు కన్‌స్ట్రక్టర్లను, డిస్ట్రక్టర్లను అనుమతించింది. ఇది భాష తెచ్చిన కొత్త బరువు. ఆపిల్ లోడర్ 2011లోనే మ్యాక్ ఓఎస్ టెన్ 10.7తో టీఎల్ఎస్‌ను నేర్చుకున్నా, సీ ప్లస్ ప్లస్ థ్రెడ్ లోకల్ మాత్రం 2016లో ఎక్స్‌కోడ్ 8 దాకా రాలేదు. ఈ ఉదాహరణ నా వాదానికి పరిమితి పెడుతుంది. అయినా డిస్ట్రక్టర్ల సమస్య చివరికి తేలింది ఎక్కడ? థ్రెడ్ ముగిసేలోపు దాని లైబ్రరీని తీసేస్తే డిస్ట్రక్టర్ కోడే మాయమవుతుంది. అందుకే 2013లో జీలిబ్‌సీ 2.18, పెండింగులో డిస్ట్రక్టర్లు ఉన్న లైబ్రరీని దించకుండా ఆపే ఏర్పాటు చేసింది. అది మళ్లీ లోడర్ పనే.

ఆండ్రాయిడ్ ఇంకా బలమైన సాక్ష్యం. అక్కడ కీవర్డు ఏళ్ల తరబడి కంపైల్ అయ్యేది, కానీ లోపల జరిగేది ఎమ్యూటీఎల్ఎస్ అనే అనుకరణ. అంటే కీవర్డు ముసుగులో పాత పీథ్రెడ్ కీలే. అసలైన ఎల్ఫ్ టీఎల్ఎస్ 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చింది. ప్రమాణం వచ్చిన ఎనిమిదేళ్లకు లోడర్ వచ్చిందన్నమాట. మింగ్‌డబ్ల్యూ, ఓపెన్‌బీఎస్‌డీ కూడా ఇదే అనుకరణ మీద చాలాకాలం ఆధారపడ్డాయి. పాత కీల పద్ధతిలోనూ అజాగ్రత్త ఖరీదైందే: సీపైథాన్ కీ అంటే పూర్ణాంకమే అనుకుంది, సిగ్విన్‌లో అది పాయింటర్. 2018లో పైథాన్ 3.7 కొత్త ఏపీఐ తెచ్చేదాకా ఆ పొరపాటు తీరలేదు.

నేటి స్థితి బాగుపడింది, కానీ పని పూర్తయిందనే మాటను ఒప్పుకోలేను. విజువల్ స్టూడియో 2015 నుంచి థ్రెడ్ లోకల్ ఉంది, సీ23 దాన్ని నేరుగా కీవర్డుగా చేసింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ మాత్రం థ్రెడ్ లోకల్ వేరియబుల్‌ను డీఎల్ఎల్ నుంచి ఎగుమతి చేయనివ్వదు. లినక్స్‌లో నిశ్చింతగా హెడర్‌లో ప్రకటించిన వేరియబుల్ విండోస్‌కు వెళ్లగానే ఆగిపోతుంది. పైగా పని ఒక థ్రెడ్‌లో ఆగి మరో థ్రెడ్‌లో కొనసాగే కోరుటీన్లు ఇప్పుడు మామూలయ్యాయి. ఆగడానికి ముందు తీసుకున్న చిరునామాను తర్వాత వాడితే అది వేరే థ్రెడ్‌ది అవుతుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో, ఇలాగే ఒక థ్రెడ్ నుంచి మరో థ్రెడ్‌కు మారగల ఫైబర్ల కోసం జీటీ అనే ప్రత్యేక ఆప్షన్ ఉండడమే ఈ ప్రమాదం పాతదని చెబుతుంది. ప్రమాణాల్లో దీనికి తృప్తికరమైన జవాబు కనిపించదు.

కాబట్టి చరిత్ర రాసేవారు 2011 పక్కన విస్టానూ జీలిబ్‌సీ 2.18నూ ఆండ్రాయిడ్ 10నూ కూడా చేర్చాలి. లైబ్రరీలు రాసే మిత్రులకు నా మనవి: థ్రెడ్ లోకల్ వేరియబుల్‌ను మీ ఫైలు దాటి బయటకు రానివ్వకండి, బయటి వారికి ఒక ఫంక్షన్ ఇవ్వండి. థ్రెడ్లు మొదలయ్యాక లైబ్రరీని లోడ్ చేసి, దించి, ప్రతి సిస్టమ్ మీదా పరీక్షించండి. కంపైల్ అయినంత మాత్రాన ఆ సిస్టమ్‌లో టీఎల్ఎస్ పనిచేస్తున్నట్టు కాదు.