తెలుపా, ఎరుపా?

అర్ధరాత్రి దాటి పావుగంట. నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో, రేకుల కొట్టంలో నిలబడ్డావు. కాళ్ల కింద చీలమండలు మునిగేంత వరిగడ్డి. ఒక్కటే చిన్న బల్బు. ఎదురుగా, ఎందరో పెళ్లికొడుకుల్ని మోసిన తెల్ల గుర్రం. ఈ రాత్రి వీపు మీద జరీ గుడ్డ లేదు. దూరంగా ఫంక్షన్ హాలు బ్యాండు మోగితే చెవులు మాత్రం అటు తిరుగుతున్నాయి.

"చెయ్యి పెట్టి చూడు అల్లుడా," అంటాడు మామ.

వెనక కాళ్లకు ఎదురుగా నిలబడకు. పక్కన చేరి, భుజం దానికి ఆనించి, పొదుగు కిందికి చెయ్యి చాపు. వేడిగా, బిర్రుగా ఉంది. చన్ను కొసన తేనెరంగు మైనం బొట్టు లాంటిది వేలికి తగులుతుంది. కారిన ముర్రుపాలు అక్కడే గడ్డకట్టాయి. అది కనిపించిందంటే చాలా గుర్రాలు ఒకటి రెండు రోజుల్లో ఈనేస్తాయి. తోక మొదలు నొక్కి చూడు. పోయిన నెల గట్టిగా ఉన్న చోట ఇప్పుడు వేలు జున్నులో దిగినట్టు దిగుతోంది.

అసలు చూడి కట్టిందా లేదా అన్నదే నిరుడు పెద్ద పంచాయితీ. మూడు వారాలకు మళ్లీ ఎదకు రాకపోతే కట్టినట్టే అన్నాడు మామ. అది చాలదు. కట్టకుండానే ఎద తప్పే గుర్రాలున్నాయి. పొట్ట చూసి చెప్పడం ఇంకా మోసం. ఉప్పల్ దగ్గర మూసీ ఒడ్డున కోసుకొచ్చిన పచ్చగడ్డి తెగ మేసినా పొట్ట అలాగే ఉబ్బుతుంది. కలిపిన పదిహేనో రోజున డాక్టరుగారు స్కాన్ చేస్తే తెర మీద నల్లటి గుండ్రటి చుక్క. రెండోది ఉందేమోనని ఆయన చాలాసేపు వెతికారు. గుర్రానికి కవలలంటే గండమే. నాలుగో వారంలో ఆ చుక్కలో గుండె మిణుకుమంది. మామ క్యాలెండరు ముందు కూర్చుని, కలిపిన రోజు నుంచి 340 రోజులు లెక్కపెట్టాడు. చివరి నెలల్లో వచ్చిన బరాత్ బేరాలన్నీ వదులుకున్నాడు. పెళ్లిళ్ల సీజనులో వద్దనడానికి ఎంత గుండె కావాలో నీకు తెలుసు.

గుర్రం గిర్రున తిరుగుతుంది. డొక్కల వైపు చూసుకుంటుంది. మెడ నిండా చెమట. తోకకు గుడ్డ చుట్టావు.

భళ్లున ఉమ్మనీరు. కూలినట్టు పడుకుంది.

12:40. ఇక ఇరవై, ముప్పై నిమిషాలే. గుర్రం ఆవులా తీరిగ్గా ఈనదు. డాక్టరుగారు రాజేంద్రనగర్‌లో బయల్దేరారు. ఊరికి ఆ కొస. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"తెలుపా, ఎరుపా?"

తెల్లపొర వస్తే చేతులు కట్టుకుని చూడొచ్చు. మఖ్మల్ లాంటి ఎరుపు ముందొస్తే, మాయ ముందే ఊడింది. లోపల పిల్లకు ఊపిరి అందదు.

టార్చి వేశావు.

"ఎర్రగుంది సార్!"

"కొయ్యి!"

కత్తెర. పొర మందం. జారింది. మళ్లీ. తెగింది. తెల్లపొర. చింపు. ఒక గిట్ట. వెనకే ఇంకోటి. ముక్కు. కాళ్లు పట్టుకో. తల్లి ముక్కినప్పుడే లాగు. కిందికి. ఆగు. మళ్లీ. భుజాలు.

ఒళ్లో పడింది.

కదలదు. ముక్కు తుడువు. రుద్దు. గట్టిగా. ముక్కులో గడ్డిపోచ పెట్టు.

తుమ్మింది.

మామ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నీ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. గిట్టల కొసలకు మెత్తటి పసుపు కుచ్చులు, తల్లి కడుపు చీరుకుపోకుండా. పిల్ల మాత్రం తడిసిన బొగ్గులా నల్లగా ఉంది.

"దీని తల్లి గూడ ఇట్లనే నల్లగ పుట్టింది. ఏండ్లు గడిస్తె తెల్లబడ్తది," అంటాడు మామ, కళ్లు తుడుచుకుంటూ.

బొడ్డుకు మందు అద్దావు. పిల్ల లేస్తుంది, పడుతుంది, లేస్తుంది. 1:35కు నాలుగు కాళ్లూ వెడల్పుగా పెట్టి నిలబడింది. పుట్టిన రెండు గంటల్లోపు పాలు తాగాలి. రోగాన్ని ఆపే బలమేదీ దానితో పుట్టలేదు. నెల కింద తల్లికి వేయించిన ధనుర్వాతం టీకా ఇచ్చిన బలం కూడా ఆ ముర్రుపాలలోనే ఉంది. పిల్ల తల్లి మోకాలిని చీకుతుంది, గోడను చీకుతుంది. మూతి పట్టి మెల్లగా పొదుగు వైపు తిప్పు.

గుటక.

సందు మలుపులో కారు లైట్లు. మాయ ఇంకా పడలేదు. ఈనాక మూడు గంటలు దాటకూడదు. వాచీ చూసుకుంటావు.