జావా బండి జీర్ణోద్ధారణము

1929వ సంవత్సరమున జెకోస్లోవేకియాలో యానెచెక్ అను ఆయుధనిర్మాత, వాండరర్ అను జర్మను సంస్థవారి మోటారుసైకిలు నమూనాను గైకొని తయారీకి పూనుకొనెను. ఆ యిరువురి పేర్ల తొలి యక్షరములు కలిసి 'జావా' అయ్యెను. 1961లో మైసూరున దీని కర్మాగారము నెలకొనెను, 1996లో మూతపడెను.

అట్టి 1967 నాటి బండి నొకదానిని నా మనుమడు మాదాపురమున, 1998లో వెలసిన సైబర్ టవర్సుకు కూతవేటు దూరమున, ఇంటి వరండాలో విప్పి పెట్టినాడు. పగలు కంప్యూటరు కొలువు, రాత్రి రెంచీలు! దాని యంత్రము విచిత్రమైనది. సిలిండరు ఒక్కటే, పొగగొట్టములు రెండు. ఇంజనునకు వలయు నూనెను పెట్రోలులోనే కలుపవలెను. కాలితో తన్ని బండిని లేపు కడ్డీయే గేరు మార్చు కడ్డీ కూడను. ఈ పొదుపు నాకు మిక్కిలి నచ్చినది.

వివాద మంతయు తరువాత వచ్చినది. చట్రము కోసి, ట్యాంకు మార్చి, కొత్త సోయగము తెత్తునని వాడనెను. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము, ఏబది యేండ్లు దాటి మూలరూపము చెడని బండ్లకే 'వీఏ' అక్షరములతో ప్రాచీన వాహన గుర్తింపు లభించును. నిత్యము తిరుగుటకు మాత్రము వానిని వాడరాదు. చట్రము కోసినచో ఆ గుర్తింపు దక్కదు. తాళపత్రమున చెదలు తిన్న చోట లేఖకుడు స్వంత పద్యము వ్రాసినట్లే గదా యని నేనంటిని. ఆ పని చేసిన పండితులను నేనెరుగుదును, పేర్లు వద్దు.

వాడు చట్రము జోలికి పోలేదు. సీటు మాత్రము మార్చియే తీరెదనని యిప్పటికిని పట్టుపట్టుచున్నాడు.