అరణ్యము, ఆట, ఐతిహ్యము

అరణ్యమును దాటి వచ్చిన జాతి అరణ్యమును మరువజాలదు. రామాయణ భారతములు రెండును వనవాసము చుట్టు అల్లుకొన్న కథలే. పిల్లల ఆటలలో సైతము అడవి యున్నది. తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ మాట మరింత వర్తించును. ఏలయన మన పూర్వుల చరిత్రలో మొదటి అధ్యాయము ప్రయాణము. రెండవది అడవి గొట్టి చేసిన సేద్యము.

14వ శతాబ్దమున విజయనగర రాజకుమారుడు కంపన మధురను జయించుటతో దక్షిణమునకు దారి తెరువబడినది. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర నాయకరాజ్యమునకు పునాది వేసెను. అరియనాథ మొదలియారు తోడ్పాటుతో నెలకొన్న పాళెములు 72 అని ప్రసిద్ధి. 1736లో ఆ రాజ్యము అంతరించు వరకు, సైనికుల వెంట రైతులు, నేతగాండ్రు, వర్తకులు, తోలుపనివారు గుంపులుగా తరలివచ్చిరి. రాజులు పోయిరి, నల్లరేగడి నేలలను నమ్ముకొన్న కుటుంబములు నిలిచినవి.

రాజుల కథను శాసనములు చెప్పును. బండి వెనుక నడచిన తల్లి కథను ఎవరు చెప్పుదురు? దానిని ఐతిహ్యమే కాపాడినది. కంబళత్తారు చెప్పుకొను గాథ యొకటి కలదు. వెనుక శత్రువులు తరుముచుండగా, ముందు నిండు నది అడ్డుపడినదట. అప్పుడు గట్టున నున్న కానుగ చెట్లు వంగి వంతెనయై వారిని దాటించినవట. చెట్టు వంగెనా లేదా అని తర్కింప బనిలేదు. దిక్కులేని వేళ అడవియే తమకు దిక్కయ్యెనన్న కృతజ్ఞత ఆ కథలో నున్నది. చరిత్రకారునకు అదియే సాక్ష్యము.

ఇట్టి వలసగాథను గ్రంథరూపమున నిలిపినవాడు కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ (1923–2021). ఆయన 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ తెలుగు వారి రాకను, వారు కరిసల్ నేలలో ఊరు కట్టుకొన్న తీరును వర్ణించును. దాని తరువాయి భాగమునకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఇంట తెలుగు మాటాడు కుటుంబమున బుట్టిన ఆయన ఆ గాథను తమిళమున వ్రాసెను. ఇది మనకు గర్వకారణము. ఆలోచింపవలసిన విషయము గూడ.

మన పెద్దలు అడవిని ఆటగా సైతము మలచుకొనిరి. పులిమేకల ఆటలో పులులు మూడు, మేకలు పదునైదు. పులి దూకి చంపగలదు; మేక దూకజాలదు. అయినను మేకలు ఒకదాని వెనుక నొకటి అండగా నిలిచినచో పులికి కదలిక యుండదు. పాత దేవాలయముల మండపములలో రాతిపలకలపై ఈ గీతలు నేటికిని కనబడును. కొత్త నేలపై కొద్దిమందిగా దిగిన వారికి ఇంతకు మించిన పాఠమేమున్నది? వైకుంఠపాళి మరియొక తీరు. అందు ఆటగాడు నిచ్చెనలు, పాములు గల బాటపై నడచును. ప్రతి గడియు ఒక కథ.

ఈ రెండు గుణములును, అనగా అడవియు, నడచుచు తెలిసికొను కథయు, నేటి వీడియో గేములలో మరల కలిసినవి. 2016 ఫిబ్రవరిలో అమెరికాలోని కాంపో శాంటో సంస్థ ‘ఫైర్‌వాచ్’ అను ఆటను వెలువరించినది. అందు చంపవలసిన శత్రువు లేడు. 1988లో యెల్లోస్టోన్ అడవులు కాలిన మరుసటి వేసవిలో, వయోమింగ్ రాష్ట్రపు షోషోని జాతీయారణ్యమున హెన్రీ అనువాడు మంచెపై కూర్చుండి కార్చిచ్చులను కనిపెట్టుచుండును. చేత పటము, దిక్సూచి. తోడు వాకీటాకీలో డెలైలా అను అధికారిణి కంఠము మాత్రమే. ఆమెకు ఏమి బదులు చెప్పవలెనో ఆటగాడే ఎన్నుకొనవలెను. హెన్రీ అడవికి వచ్చిన కారణము దుఃఖకరము: అతని భార్యకు చిన్న వయస్సుననే జ్ఞాపకశక్తిని హరించు వ్యాధి సోకినది. ఆ మరపును చూడలేక అతడు పారిపోయి వచ్చెను. కాని అడవి అతనిని దాచలేదు. తిరిగి తన బాధ్యతనే చూపినది.

మరపు ఒక్క మనిషికే కాదు, ఒక సంఘమునకు గూడ రావచ్చును. 2006 నాటి చట్టముతో ఈ రాష్ట్రపు పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. మనకు అన్నము పెట్టిన నేల భాషను నేర్చుట మేలే గాని కీడు కాదు. అయితే తెలుగు లిపి ఎరుగని మన పిల్లలకు తెలుగు వంటింటి మాటగా మాత్రమే మిగులుచున్నది. అవ్వ నోట నున్న కానుగ చెట్టు కథ అవ్వతోనే పోవుచున్నది.

1920లో పొల్లాచి–పళని మార్గమున బస్సు నడపిన జి. డి. నాయుడు (1893–1974) కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామపు తెలుగు కుటుంబమువాడు. ఎద్దుబండ్లపై వచ్చిన జాతి బస్సులు నడపినది, మిల్లులు కట్టినది. నేడు గాంధీపురమున బస్సు దిగి ఇంజనీరింగు కళాశాలలకు పోవు మన యువకులకు కంప్యూటరు విద్య కరతలామలకము. తుంగభద్ర నుండి వైగై వరకు గల దారిని పటముగా గీసి, వాకీటాకీ కంఠమునకు మారుగా అవ్వ కంఠమును నిలిపి, మన యాసలోనే ఒక ఆటను వారు ఏల కూర్పరాదు? లిపి రాని బాలుడు సైతము చెవితో ఆ తెలుగును గ్రహింపగలడు.

ఆట తయారగుటకు ఏండ్లు పట్టవచ్చును. అవ్వ కంఠమును చేతిఫోనులో భద్రపరచుటకు ఒక సాయంకాలము చాలును. తేదీని, ఊరిపేరును, ఇంటిపేరును చేర్చి ప్రతి కుటుంబము ఈ యేడే ఆ పని చేసినచో, రేపటి కథకునకును, చరిత్రకారునకును ముడిసరుకు సిద్ధముగా నుండును. వంగి దాటించిన చెట్ల ఋణమును మనము తీర్చుకొను మార్గమిది.